నూట నలభై కిలోల పాప

టాక్సీ ఆపొద్దు ఉస్తా, మీకు పుణ్యముంటుంది. ఖర్జూరాలు పంచుతున్నారు, నాకూ కనిపిస్తోంది. అజాన్ అయింది, పొద్దుటి నుంచి మీరూ ఉపవాసమే, కాదనను. కిటికీలోంచి అందుకుని తింటూనే నడపండి. కైరో అంతా భోజనాల దగ్గరే ఉంది. రోడ్డు ఖాళీ, కానీ ఆసుపత్రిలో ఫోనెత్తే దిక్కు కూడా లేదు.

ఒంట్లో బాగోలేనిది మావాళ్లెవరికీ కాదండీ. ఎవరి పాపో. పేరైనా చూడలేదు, బరువే చూశాను.

ఆ ఆసుపత్రి కంప్యూటర్లకు పేజీలు రాసేది నేనే. నర్సు బిడ్డ బరువు కొడితే మందెంతో అదే లెక్క కడుతుంది. తప్పు కొడితే ఎర్ర అక్షరాలొచ్చి ముందుకు పోనివ్వదు. ఆ కాపలా నర్సు చూసే పేజీలోనే పెట్టాను. లోపల, లెక్క కట్టే సర్వర్లో, మళ్లీ చూసుకోవాలి. వీధి తలుపుకు గడియ ఉందిగా అని లోపల పెట్టలేదు.

సాయంత్రం ఇన్సాఫక్క ఫోన్ చేసింది, అక్కడి నర్సు. నెలలు నిండని బిడ్డట, కిలోన్నరట, పేజీ ఒప్పుకోవట్లేదట. రెండు కిలోల లోపు పిల్లలుంటారని నాకు తట్టనే లేదు! పొయ్యి మీద నూనె కాగుతోంది, ఇంటినిండా చుట్టాలు. ఆ కాపలా కాసే స్క్రిప్టును బ్రౌజర్లో ఆపెయ్యక్కా, ఇక అడ్డు చెప్పదు అన్నాను. ఎలా ఆపాలో కూడా నేనే చెప్పాను. మళ్లీ పెట్టమని మాత్రం చెప్పలేదు.

ఇందాక సూపు ముందు కూర్చుని ఊరికే ఫోన్లో ఆ లెక్కలు తెరిచి చూశాను. రెండేళ్ల పాప, నూట నలభై కిలోలు. పద్నాలుగు పాయింట్ సున్నా కొట్టబోయి చుక్క వదిలేసినట్టుంది. అంటే మందు పదింతలు! ఇఫ్తార్ కాగానే ఇవ్వాలని రాసుంది. నాకు భయంగా ఉంది ఉస్తా.

ఉండండి, ఫోన్ మోగుతోంది. ఇన్సాఫక్కే.

అక్కా! ఆ రెండేళ్ల పాపకు మందివ్వకు. ఇవ్వలేదా? నిజంగా ఇవ్వలేదా? అల్‌హమ్దులిల్లా. పారబోసెయ్. ఎలా జరిగిందంటే... నీ చెయ్యి జారిందక్కా. చూసుకుని కొట్టాలి కదా. సరే, ఏడవకు. నేనెవరికీ చెప్పనులే.

సిరంజి నింపి, రెండు ముద్దలు తిన్నాక ఇద్దామని కూర్చుందట. నాకే క్షమాపణ చెప్పింది, విన్నారా?

అద్దంలోంచి అలా చూడకండి. స్క్రిప్టు మళ్లీ పెట్టమంటే, ఆపమన్నదెవరని ఆసుపత్రివాళ్లు అడుగుతారు. ఇంటికెళ్లి చప్పుడు కాకుండా నేనే సరిచేస్తాను. పాప బతికిందని తెలిసిన మరుక్షణం నాకు గుర్తొచ్చింది నా ఉద్యోగమే. ఏం చెయ్యమంటారు?

ఆసుపత్రి గేటు దాకా వద్దులెండి. ఇక్కడే వెనక్కి తిప్పండి.