బావ కోసం

హలో… ఆ, నేనే అక్కా. ఆఫీసు నుంచే… లేదు, అందరూ తినడానికి కిందికెళ్లారు. గదిలో నేనొక్కదాన్నే.

… తిన్నాలే. … సరే, తినలేదు. అది వదిలెయ్.

అక్కా, ఆ కాగితం మీద సంతకం పెట్టావా?

… పెట్టలేదు కదా? … అమ్మయ్య. … ఉండు, చెప్తాను. కంపెనీ మనిషి ఎన్నింటికి వస్తానన్నాడు? … నాలుగింటికా. అయితే ఇంకా టైముంది.

… నాకు తెలుసు అందులో ఏముందో. టైపు చేసింది నేనే. 'రంగు తొట్టి మూత తీసేటప్పుడు కార్మికుడు సూచనల కాగితాన్ని పాటించలేదు. అతని అజాగ్రత్త వల్లే ప్రాణం పోయింది.' … ఆ, ఆ ముక్కే.

… తిట్టకక్కా. బావని తిట్టకు. … పదకొండు రోజులుగా తిడుతున్నావు, వింటూనే ఉన్నాను. తలుపు గడియ మూడుసార్లు చూసుకునే మనిషికి ఆ రోజు కళ్లెక్కడికి పోయాయి అని… కళ్లు ఎక్కడికీ పోలేదక్కా.

నేను చెప్పినట్టు చెయ్. ఆసుపత్రివాళ్లిచ్చిన సంచి ఉంది కదా, బావ బట్టలది… తెలుసు. విప్పలేదని తెలుసు. ఇప్పుడు విప్పాలి. … ఒక్కసారి. నా కోసం — కాదు, నా కోసం కాదు. ఆయన కోసం.

… లైన్లోనే ఉంటాను. వెళ్లు.

…

… నీలం చొక్కా. ఎడమ జేబు. … ఏడవకు. … మొహానికి పెట్టుకోకక్కా, రంగు వాసనే వస్తుంది, ఆయన వాసన రాదు… జేబులో మడతపెట్టిన కాగితం ఉందా? … ఉందా? … ఉంటుంది. పనిలో దిగేముందు రోజూ ఒకటి ప్రింటు తీసుకునేవాడు. ఒక్కో మెట్టు చేయడం, పెన్నుతో టిక్కు పెట్టడం. తోటివాళ్లు నవ్వేవాళ్లు, 'ఏంటి, పరీక్ష రాస్తున్నావా' అని.

మెల్లగా విప్పు. తడిసి ఆరిందేమో, చిరుగుతుంది. … చదువు. పైకే చదువు.

… ఒకటి, ఆవిరి వాల్వు మూయాలి. టిక్కుందా? … ఆ. … రెండు, ఆవిరి ఒత్తిడి ముల్లు సున్నాకి రావాలి. … ఉంది. … మూడు, పది నిమిషాలు ఆగాలి. … ఉంది. … నాలుగు, మూత తీయాలి.

… టిక్కు లేదా. … నాలుగోదానికి ఉండదక్కా.

చూశావా? ఒక్క మెట్టు కూడా దాటలేదు మీ ఆయన.

… ఎలా జరిగిందంటే… కాగితం అడుగున, కుడి మూల చూడు. చిన్న అంకె ఉంటుంది. … కళ్లజోడు పెట్టుకో. … ఎంత?

… అయిదు.

… ఏం లేదు. ఇంకేదైనా అంటావేమోనని ఆశపడ్డాను.

సూచనలు మార్చినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంది. ఇప్పుడు నడుస్తున్న కాగితం ఏడోది. … అదే చెప్తున్నా. నీ కంటి ఆపరేషనుకని బావ వారం సెలవు పెట్టాడు చూడు, ఆ వారంలోనే తొట్టికి రెండో ఆవిరి గొట్టం వేశారు. అప్పట్నుంచి రెండు వాల్వులు మూయాలి. ఆ ముల్లు పాత గొట్టం సంగతే చెప్తుంది. అది సున్నా అంది, లోపల మాత్రం ఆవిరి… సరే, అనను. ఏడోదాంట్లో అదంతా ఉంది. నేనే సరిచేశాను. నేనే అందరికీ పెట్టాను.

… మరి ఆయన చేతికి అయిదోది ఎలా వచ్చిందంటావా?

అది చెప్పడానికే ఫోన్ చేశాను అక్కా.

ఏ కాగితానికి ఏ పేరుండాలో చూడడమే కదా నా ఉద్యోగం. చేరిన కొత్తలో ఇక్కడ 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'ఒట్టు, ఇదే ఫైనల్' అని ఉండేవి… ఆ, నువ్వూ నవ్వావు అప్పుడు. అవన్నీ ఊడ్చిపారేసి, యంత్రం నంబరు, తేదీ, చివర అంకె, ఇంకోలా పెడితే ఊరుకోనని గోడకి అంటించాను. సొంత కాపీలు ఎవరూ దాచుకోకూడదని కూడా రాశాను, ఎర్ర అక్షరాలతో. ఇప్పుడు నా ఎదురుగానే ఉంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి… నా బతుకు అదే అయింది.

బావ వినేవాడా? పొద్దున్నే టీ గ్లాసుతో నా బల్ల దగ్గరికొచ్చేవాడు. 'మరదలా, నీ పేర్లు గూడ్సుబండిలా ఉన్నాయే. చివరి పెట్టె వచ్చేసరికి ఇంజను మర్చిపోతున్నాను. నాకు దొరికేటట్టు ఒకటి పెట్టిపెట్టు తల్లీ' అని. రోజూ అదే పాట. … పెట్టాను. ఆయన కంప్యూటరు తెర మీద, నట్టనడుమ. అంకె లేదు, తేదీ లేదు. 'బావ కోసం' అని పేరు పెట్టాను.

… ఆ. అంతే. ఆ రెండు మాటలే.

ఏడోది అందరికీ వెళ్లింది. 'బావ కోసం'లోకి మాత్రం వెళ్లలేదు, అక్కడ అయిదోదే ఉండిపోయింది. మర్చిపోయానక్కా. నా జాబితాలో ఆ పేరే లేదు. ఉండకూడని కాపీ కదా, జాబితాలో ఎలా రాస్తాను…

అక్కా?

… ఉన్నావా?

… ఇవాళే. ఒట్టు, ఇవాళ పొద్దున్నే తెలిసింది. ఆయన కంప్యూటరు తుడిచేసి ఇంకొకరికి ఇమ్మన్నాడు మేనేజరు. తెరిచాను. అక్కడే ఉంది.

… నీకు అబద్ధం చెప్పను. తీసేద్దామనుకున్నాను. వేలు మీట మీదే ఉంది. ఒక్క నొక్కు. నువ్వు సంతకం పెట్టేస్తావు, నేను రోజూ వచ్చి నీ పక్కన కూర్చుని ఏడుస్తాను, నువ్వే నా కళ్లు తుడుస్తావు… అప్పుడు చిన్నది గుర్తొచ్చింది. మొన్న నా ఒళ్లో పడుకుని ఏమందో తెలుసా? 'పిన్నీ, నాన్న కాగితం చదవకుండానే చేశాడట కదా. నన్ను మాత్రం ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదవమనేవాడు' అంది.

… తీయలేదు. అలాగే ఉంది. జరిగిందంతా రాసిపెట్టాను, కింద నా సంతకం కూడా పెట్టాను. ముందు నీకు చెప్పి, తర్వాత మేనేజరుకి ఇద్దామని. … ఏం చేస్తారు, ఉద్యోగంలోంచి తీసేస్తారు. … తీసేయనీ.

నీ చేతిలో ఉన్నది మాత్రం ఎవరికీ ఇవ్వకు. నాలుగింటికి వచ్చేవాడు బతిమాలినా ఇవ్వకు. … ఆ, బియ్యం డబ్బాలో వద్దు, బీరువాలో పెట్టు.

… అను. … అనక్కా, ఇంకా అను. … అవును. నేనే. … అవును.

… అమ్మకి నేను చెప్పుకుంటాను.

… రాను. … నువ్వు రమ్మనేదాకా రాను. … ఎప్పటికీ రమ్మనకపోతే… సరే. అలాగే.

చిన్నదానికి ఒక్క మాట చెప్పు. నేను చెప్పానని వద్దు, నువ్వే చెప్పు. నాన్న చదివాడని. చదివిందంతా చేశాడని.

… ఊఁ.

… పెట్టెయ్ అక్కా. … నువ్వే పెట్టెయ్. పొద్దున ఆ మీట మీద పెట్టింది ఈ వేలే, దీంతో ఇంకేదీ నొక్కలేను. … నువ్వే—