గోడ లోపల చోటు

కూర్చోనండీ అయ్యగారూ. కూర్చుంటే మళ్లీ లేవలేను. నా పిల్లని తీసుకొచ్చిన వ్యాను చర్చి గేటు దగ్గరే ఉంది. మద్రాసులో నిన్న బయల్దేరేం. దాని కింద పెట్టిన ఐసు కరిగి రోడ్డు మీదికి కారుతోంది. మీ సంఘపెద్ద కృపానందంగారు గొడుగేసుకుని గేటుకి అడ్డంగా నిలబడ్డారు. సమాధుల దొడ్లో దానికి చోటు లేదట. గోడకవతల, కాలవగట్టున పెట్టుకోమంటున్నారు.

కాలవగట్టు ఏం మిగిలిందండీ? ఎనభైయ్యారు వరదకి సగం జారిపోయింది. అక్కడ పెడితే ఇంకో వరదకి నా పిల్ల కాలవలో ఉంటుంది.

ఆయ్, తెలుసండి. అది అమ్మవారి వేషం వేసిన సినిమా వచ్చినప్పుడే మీరు దాన్ని ప్రభువు బల్ల నుంచి తీసేసేరు, సంఘంలోంచి వెలేసేరు. అలా తీసేసినవాళ్లు పోతే గంట కొట్టరు, గోడ లోపల చోటివ్వరు. అప్పుడు నేనేమీ అన్లేదు. ఇప్పుడంటున్నాను.

దాని మొహానికి మొదట రంగు పూసిందెవరండీ? మీరు కాదా? కొత్తగా వచ్చేరు మీరప్పుడు. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషానికి మా ఎలీసమ్మే కావాలన్నారు. పదేళ్లు నిండలేదు దానికి. వాళ్ల నాన్న వద్దంటే, దేవుడి పని మత్తయీ అన్నారు. ఆ వేళ దాన్ని చూసి ఏడవనివాళ్లు లేరు. ఈ కృపానందంగారు కూడా పైపంచెతో ముక్కు తుడుచుకున్నారు.

అక్కణ్ణించే కదండీ అంతా. అమలాపురంలో నాటకాలు, ఆనక మద్రాసు. ఎలీసమ్మ అంటే పోస్టరు మీద బావుండదని హైమరేఖ అని పెట్టేరు. ముందు గుంపులో గెంతింది. హీరోయిన్ వెనకాల పూలబుట్ట పట్టుకు నిలబడింది. తరవాత రెండేళ్లు తనే హీరోయిను. ఆ రెండేళ్లూ ఈ పేటంతా మాకు చుట్టాలే. క్లబ్బు డాన్సులు వెయ్యడం మొదలెట్టేక చుట్టాలు తగ్గేరు. ఏ హీరోగారి పక్కన పాటలు పాడిందో, నాలుగేళ్లు తిరక్కుండా ఆయనకే వదిన వేషం ఇచ్చేరు. అదీ వేసింది. ఇంట్లో అందరూ తినాలి కదా మరి.

ఆ రోజుల్లోనే అమ్మవారి వేషం వచ్చింది. ఇక్కడ హాల్లో ఆడవాళ్లు తెర ముందు హారతి వెలిగించి కొబ్బరికాయలు కొట్టేరు. కొట్టింది వాళ్లండీ, వెలి దీనికి. కృపానందంగారి ఇంటావిడ రెండు ఆటలు చూసొచ్చి, ఆ పట్టుచీర ఎక్కడిదో కనుక్కో దీనమ్మా అని నన్నడిగింది. ఆ మాట మాత్రం దీన్ని వెలేసిన మీ మీటింగులో రాలేదు.

ఏవిటండీ?

సాక్ష్యం. ఆయ్. గేటు దగ్గర ఆయనా అదే అన్నారు. పోయేముందు పశ్చాత్తాపపడింది, ఆ వేషం వేసినందుకు ప్రభువుని క్షమాపణ అడిగింది అని తల్లి సంఘం ముందు నిలబడి చెప్పాలి. చెబితే లోపల చోటిస్తారు, గంటా కొడతారు. ఆస్పత్రిలో మంచం పక్కనున్నది నేనొక్కదాన్నే కాబట్టి నా మాట చాలంటారు.

అది ఏమందో చెప్పనా మీకు?

కామెర్లతో కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నేనే అడిగేను. ఎలీసా, ఆ వేషం తప్పని ఒక్కసారి అనెయ్యవే, నా కోసం అను, అన్నాను. నవ్వింది.

‘మిగతావాటిలో ఏది తప్పనమన్నా అంటానే అమ్మా. అదొక్కటీ అనను. ఆ వేషంలో ఉన్నన్నాళ్లూ నా మీద ఎవడూ చెయ్యి వెయ్యలేదు. డైరెక్టరు కూడా చెప్పులిప్పి వచ్చేవాడు. సిగరెట్టు కావలిస్తే బయటికి పోయేవారు. అందరూ అమ్మా అనేవారు. కిరీటం తీసేక మళ్లీ మామూలే’ అంది.

మామూలంటే ఏమిటో నేనడగలేదండీ.

తరవాత నీళ్లు కావాలంది. పట్టేను. గుటక పడలేదు.

తలొంచుకోకండి అయ్యగారూ. మిమ్మల్ని బాధపెడదామని చెప్పలేదు. దాని మాట వినకుండా మీరు ప్రార్థన చెయ్యడం నాకిష్టం లేక చెప్పేను.

ఆ బల్ల ముందు నేనెన్నడూ అబద్ధమాడలేదు. ఇవాళ ఆడతాను. పశ్చాత్తాపపడిందనే చెబుతాను. కన్నీళ్లు పెట్టుకుందని చెబుతాను. కృపానందంగారికి ఇంకేం వినాలనుంటే అదీ చెబుతాను. నా పిల్లని కాలవలోకి వదిలెయ్యలేను.

కానీ అబద్ధమని తెలిసినవాళ్లం ఆ చర్చిలో ఇద్దరం ఉంటాం. నేను చెప్పడం అయ్యేక మీరు ఆమెన్ అనాలి. పెద్దగా, వెనక వరసకి వినపడేలా. అనలేనంటే ఇప్పుడే చెప్పెయ్యండి, వ్యాను గట్టు మీదికి తిప్పించేస్తాను.

అంటారా? పెద్దగానే?

ఆయ్. అయితే గంట కొట్టే జోజిని తాడు దగ్గరికి పంపండి. ఎండెక్కుతోంది.