హ్యాండిల్ వదిలేసిన రోజు

నా బండికి మెకానిక్ స్టీరింగ్ డ్యాంపర్ బిగిస్తున్నాడు. అదేం పెద్ద వస్తువు కాదు. వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోకుండా అదిమిపట్టే సన్నటి గొట్టం, అంతే. కానీ అది చూడగానే మా గేరు బాబాయ్ వచ్చి అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే ఆ సాయంత్రం మీద మనం ఆశ వదులుకోవాల్సిందే. మా అత్త, అంటే ఆయన అక్క, గడప దగ్గర చిరిగిన దిండు గలీబు కుట్టుకుంటోంది.

"ఇప్పుడంటే కొట్లో కొనుక్కొచ్చి బిగించుకుంటున్నారు గానీ, ఈ వీధిలో మొట్టమొదటి డ్యాంపర్ ఎవరిదనుకున్నావు? నాదే. కాస్త వేగం అందుకుంటే చాలు, నా బండి హ్యాండిల్ చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మా నాన్న తాపీమేస్త్రీ కదా, వంకర ఎక్కడున్నా ఆయన కళ్ళు ఊరుకోవు. 'ఒరేయ్, ఆదివారం నేనే వెనక కూర్చుని చూస్తా. మళ్ళీ వణికిందో, అమ్మిపారేస్తా' అన్నాడు. నాకేమో అదంటే ప్రాణం. ట్యాంకు మీద తల పెట్టుకుని ఏడ్చాను కూడాను."

"నువ్వా? ఏడ్చావా?" అన్నాను.

"కళ్ళల్లో పెట్రోలు పడిందిలే. విను. పాత సామాన్ల కొట్లన్నీ గాలించి ఏదో పెద్ద బండిది డ్యాంపర్ పట్టుకొచ్చా. ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస ముందు చక్రం పట్టుకునే ఫోర్కుకి. క్లాంపు కుదరకపోతే లేత్ దగ్గర కూర్చుని చేయించా. అంతటితో ఊరుకున్నానా? నాన్న బరువుకి తగ్గట్టు వెనక స్ప్రింగులు బిగించా, ముందు ఫోర్కుల్లో పాత ఆయిల్ తీసేసి చిక్కటిది పోశా. సీటు నొక్కి వదిలితే ఎలా దిగి ఎలా లేచేదనుకున్నావు! నిద్రలో పసిపిల్ల ఊపిరి పీల్చి వదిలినట్టు."

మెకానిక్ స్పానర్ ఆపి తలాడించాడు. "అది మాత్రం సరైన పనే, బాబాయ్ గారూ."

బాబాయ్‌కి ఆ మాట చాలు.

"ఆదివారం నాన్న వెనకెక్కాడు, చేతిలో టీ గ్లాసుతో. గుంతల రోడ్డెక్కించా. చుక్క తొణకలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేగం పెంచి హ్యాండిల్ వదిలేశా. రెండు చేతులూ! జేబులోంచి దువ్వెన తీసి పాపిడి తీసుకున్నా. అద్దంలో చూద్దును కదా, నాన్న నా వీపుకి తల ఆనించి హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన సిమెంటు వాసన ఇదిగో, ఈ వీపుకి ఇప్పటికీ ఉంది. లేపడమెందుకని ఇంకాస్త దూరం పోనిచ్చా. ఇంతలో ఒక పిచ్చుక వచ్చి హ్యాండిల్ మీద వాలింది. కదలట్లేదు కదా, కొమ్మనుకుంది పాపం."

"అంత వేగంలోనా?" అన్నాడు మెకానిక్.

"అదే మరి! వాలింది ఊరుకుందా? పుల్లా పుడకా తెచ్చుకుని స్పీడోమీటరు పక్కన గూడు కట్టింది. గుడ్డు పెట్టింది. మలుపు తిప్పితే గుడ్డెక్కడ దొర్లిపోతుందోనని నేను తిప్పలేదయ్యా. చూసి చూసి రోడ్డే మొహమాటపడి తిన్నగా అయింది. కావాలంటే వెళ్ళి చూసుకో, ఇప్పటికీ తిన్నగానే ఉంటుంది. ఇల్లు చేరేసరికి పిల్ల రెక్కలొచ్చి ఎగిరిపోయింది. నాన్న ఒళ్ళు విరుచుకుని దిగి, 'బండి ఉండనీరా' అన్నాడు."

"నాన్న నిద్రపోలేదురా," అంది అత్త, దారం పంటితో తెంపుతూ. "భయంతో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు."

"నీకేం తెలుసక్కా, నువ్వు ఇంట్లో..."

"గేటు దగ్గరే ఉన్నాను. నువ్వు ఆ డ్యాంపర్ మర మొత్తం బిగించేశావు. రోడ్డు మీద బాగానే వచ్చింది గానీ, ఇంటి మలుపులో హ్యాండిల్ తిరగనంది. తిన్నగా వచ్చి నాన్న పనికి తెప్పించుకున్న ఇసక గుట్టలో దిగబడ్డారు ఇద్దరూ. పైన బండి."

మెకానిక్ ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. నేనూ అంతే. బాబాయ్ మాత్రం తగ్గలేదు.

"మరి బండెందుకు అమ్మలేదు? అంత లక్షణంగా పడేస్తే ఎందుకు ఉండనిచ్చాడు? చెప్పు!"

అత్త కుట్టడం ఆపింది. "అమ్మ కూడా అదే అడిగింది, ఆయన మోకాలికి కట్టు కడుతూ. నేను పక్కనే ఉన్నాను. 'వాడు లేవగానే బండి వైపు పరిగెడతాడనుకున్నానే. దాని మొహమే చూడలేదు. నోటినిండా ఇసకతో నా మోకాలు పట్టుకుని కూర్చున్నాడు పిచ్చి వెధవ. ఉండనీ వాడి బండి' అన్నాడు నాన్న."



"నాతో ఎప్పుడూ అనలేదే," అన్నాడు బాబాయ్.

"నీకు చెప్తే ఊరంతా చెప్తావని."

బాబాయ్ అరుగు దిగి వెళ్ళి గడప మీద వాళ్ళక్క పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"మళ్ళీ చెప్పక్కా," అన్నాడు. "మొదట్నుంచీ."