నెల్లా, దల్లా, సుల్

ఏం మాటలక్కా ఇవి, ఒకదానికొకటి అతుక్కుపోతన్నాయి! 'ఇన్' విడిగా నేర్పారు, 'లా' విడిగా నేర్పారు ఇటలీ సిస్టరుగారు. తీరా కలిపితే నెల్లా అంట. 'దా', 'లా' కలిస్తే దల్లా. 'సు', 'ఇల్' కలిస్తే సుల్. మనం మాత్రం ఇల్లు, లో కలిపి ఇంట్లో అనట్లా? అట్టా అనుకుని సర్దుకున్నాలే.

నువ్వు తొడిమలు తీస్తా ఉండు జయక్కా, నేనూ తీస్తానే చెప్తా. ఈ మిరపకాయల గుట్ట పొద్దుగూకేలోపు అవ్వాలంట, మేస్త్రీ ఇందాకే అరిచిపోయాడు.

ఈ పాఠం వస్తేనే ఈస్టరు తర్వాత ఇటలీ ఓడ ఎక్కిస్తారు. నన్ను చూపించి, మా సంతోషకుమారి అక్కడ మఠంలో చేరి సిస్టరవుతుందని మా అమ్మ పల్లెంతా చెప్పుకొచ్చింది. నువ్వూ అట్టాగే గదా వెళ్లావు? అరవై ఒకటిలో నవ్వుకుంటా వెళ్లావు. తిరిగొచ్చినకాడి నుంచీ ఒక్క మాట లేదు. నిన్ను కన్న పెద్దమ్మతో కూడా లేదు. ఎందుకక్కా?

సరేలే, అడగను.

మొన్న ఇక్కడే కూర్చుని వల్లె వేస్తన్నా, గుర్తుందా? బల్ల మీద, సుల్ తావొలో. నువ్వు తలెత్తలా. తోటలోంచి, దల్ జర్దీనో. ఊహూఁ. బట్టలుతికే గదిలో, నెల్లా లవందెరీయా అన్నా. అంతే! నీ ఒళ్లో కాయలన్నీ నేలపాలు. రెండు చేతులూ పైటకింద దాచేసుకున్నావు.

అప్పటిదాకా నేను చూళ్లేదక్కా. పొద్దస్తమానం తొడిమలు తీస్తే మా చేతులు భగ్గుమంటాయి, ఆముదం పూసుకుని ఏడుస్తాం. నువ్వు ఏనాడూ ఆముదం అడగలా. మొన్న నీ అరచేతులు లాగి చూశా. తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా... ఆ బట్టలుతికే గదిలో ఏ నీళ్లలో పెట్టించారక్కా? ఇంత మంట కూడా తెలీకుండా పోవాలంటే ఏం చేశారు నిన్ను?

నన్నూ వెళ్లమంటావా అని అడిగా. తల అడ్డంగా ఊపావు. నువ్వొచ్చాక నాకు చెప్పింది అదొక్కటే.

ఇవాళ పొద్దున సిస్టరుగారు పరీక్ష పెట్టారు. అన్నీ వచ్చు నాకు. అన్నీ తప్పు చెప్పా. వెళ్లాలంటే భయమేసిందక్కా! ఆవిడ విసుక్కున్నారు. ఈ పల్లె నుంచి ఒక పిల్లని పంపుతానని అక్కడ మాటిచ్చేశా, నువ్వు కాకపోతే ఇంకెవరికి వచ్చు ఈ పాఠం అని గుచ్చి గుచ్చి అడిగారు.

నేను వల్లె వేసేటప్పుడు నీ చెల్లెలు దీవెనమ్మ వింటది గదా. విని విని దానికి నాకంటే బాగా వచ్చేసింది...

అట్టా చూడమాకక్కా. నేనేం చేసేది? వాళ్లకి ఎవరో ఒకరు కావాల. దాని పేరు చెప్పేశా. ఇందాకే వచ్చి తీసుకెళ్లారు, పాఠం అప్పజెప్పించుకోటానికి.

నీ సొంత చెల్లెలైతే చెప్పేదానివా అనేగా నీ చూపు? చెప్పేదాన్నేనక్కా. చెప్పేదాన్నే.