వదిన సంఘంలో చేరింది

విత్తన పరీక్షల గది. భోజనాల వేళ కావడంతో మిగతా సిబ్బంది బయటికి వెళ్ళారు. తడి కాగితాల మీద లేచిన మొలకలను ఒక్కొక్కటిగా ఏరుతూ ఆమె ఒక్కతే ఉంది. తలుపు తోసుకుని వచ్చినవాడు వ్యవసాయ కార్యాలయ ఉద్యోగుల సంఘం కార్యదర్శి. ఆమెకు స్వయానా మరిది.

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా వదినా?"

"దేని గురించి?"

"దేని గురించా? పొద్దున సంఘం ఆఫీసుకి వెళ్తే ట్రెజరర్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. మీ వదినగారు చేరారు కదా, పార్టీ ఎప్పుడు అన్నాడు. నేను వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను."

"ఇస్తే పోలా పార్టీ."

"వెటకారం ఆపు. ఎన్నేళ్ళు బతిమాలాను నిన్ను? చేరు వదినా, చేరు వదినా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇంట్లో ఒకళ్ళు చాలు అన్నావు. ఇప్పుడు నేను ఊళ్ళో లేని రోజు చూసుకుని వెళ్ళి చేరతావా?"

"ఆ తలుపు వెయ్యి. గాలికి కాగితాలు ఆరిపోతాయి."

"వదినా, నేను అడిగేది..."

"వెయ్యమన్నానా."

"వేశాను. ఇప్పుడు చెప్పు. ఏం కావాలి నీకు? పదవి కావాలా? మహిళా విభాగం సెక్రటరీ కుర్చీ ఖాళీగానే ఉంది. ఒక్క మాటంటే రేపటి సభలోనే ప్రకటించేస్తాను."

"టీలు పంచే కుర్చీయా?"

"టీలు పంచమని ఎవరన్నారు?"

"పోయినసారి సభకి ఆడవాళ్ళందర్నీ తప్పకుండా రమ్మన్నారు. ఏం చేయించారు? ముందు వరసలో కూర్చోబెట్టి ఫోటోలు తీయించారు, తర్వాత టీలు పంచమన్నారు. స్టేజీ ఎక్కింది నువ్వు, దిగింది నువ్వు. మధ్యలో మాట్లాడిందీ నువ్వే."

"సరే, అదా నీ కోపం. చెప్పొచ్చుగా. రేపు నువ్వూ మాట్లాడుదువుగాని. ఏం మాట్లాడతావు? ఈ గది గురించా? చేతులకి గ్లవుజులు ఇవ్వట్లేదనా? నేనే తీర్మానంలో పెట్టిస్తాను, నీకెందుకు శ్రమ."

"గ్లవుజుల గురించి కాదు."

"ప్రమోషనా?"

"కాదు."

"మరి దేని గురించి? ఆ మొలకలు తర్వాత ఏరుకోవచ్చు, ఇటు చూసి చెప్పు."

"తాళాలాయన గురించి."

"ఏ తాళాలాయన?"

"మన గోడౌన్‌కి ఎంతమంది ఉన్నారేంటి తాళాలాయనలు? నడుముకి గుత్తి కట్టుకుని, ఎండైనా వానైనా ఆ గేటు దగ్గరే ఉండేవాడు. అందరం అసలు పేరు మర్చిపోయి అలాగే పిలిచాం. మొలవని గింజలు రైతులకి ఇచ్చేశాడని పనిలోంచి తీసేశారే, ఆ వాచ్‌మన్."

"ఆ గొడవ అయిపోయింది వదినా."

"ఎవరికి అయిపోయింది?"

"విచారణ జరిగింది. రిపోర్టు వచ్చింది. అతను ఎవర్నీ అడక్కుండా తాళం తీశాడు, ఎర్ర చీటీ ఉన్న బస్తాలు లారీకి ఎక్కించాడు. తేలింది అదే. నువ్వూ నేనూ తేల్చింది కాదు."

"ఎర్ర చీటీ కట్టించింది నేను. ఈ బల్ల మీదే పరీక్ష చేశాను. సగం కూడా మొలకెత్తలేదు, పనికిరావు, పక్కన పెట్టండి అని నేనే రాసిచ్చాను. చదువురాని మనిషైనా ఎర్ర చీటీ అంటే ఏంటో ఆయనకి బాగా తెలుసు. నా కళ్ళముందు ఎన్నిసార్లు ఆ బస్తాలు విడిగా సర్దించాడో. అలాంటివాడు తనంతట తాను తీస్తాడా? ఎవరు తీయమన్నారు?"

"నాకేం తెలుసు? నేనక్కడ ఉన్నానా?"

"తీయమన్నది ఎవరు?"

"వదినా, వద్దు. నిదానంగా మాట్లాడు, పక్క గదిలో ఎవరైనా ఉంటారు."

"ఉండనీ. గోడౌన్ ఆఫీసరు తీయమన్నాడు. అంటే మీ అన్నయ్య. అంటే నా మొగుడు. నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ సాయంత్రం మా ఇంట్లో కూర్చుని ఆయన తల పట్టుకుని చెప్తుంటే ఎదురుగా ఉన్నది మనిద్దరమే. వాన పడింది, జనం గేటు ముందు కదలకుండా కూర్చున్నారు, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, కాస్త మొలక తక్కువైతే మాత్రం ఏం మునిగిపోతుందిలే అనుకుని తీయించేశాను అన్నాడు. అప్పుడు నువ్వేమన్నావు?"

"గుర్తులేదు."

"నాకుంది. ఈ మాట గుమ్మం దాటకూడదు అన్నయ్యా, మిగతాది నేను చూసుకుంటాను అన్నావు. చూసుకున్నావు."

"చూసుకున్నాను. తప్పా? నా తోడబుట్టినవాడు. నా చదువుకి తన సరదాలన్నీ చంపుకున్నవాడు. మీ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను, నీ చేతి ముద్ద తిన్నాను. అన్నయ్య మీదకి వస్తే చేతులు కట్టుకుని కూర్చోమంటావా? ఆఫీసు మెట్ల మీద తిండీ నీళ్ళూ మానేసి పడుకున్నాను నేను. కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రికి మోసుకెళ్ళారు. మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను? ఆస్పత్రి నుంచి మళ్ళీ ఆ మెట్ల మీదకే తీసుకొచ్చి, దీక్ష విరమింపజేయాలని నా చేతే నీకు నీళ్ళ గ్లాసు ఇప్పించారు. నవ్వండి మేడమ్ అంటే నవ్వాను. జనం చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే తాళాలాయన గేటు దగ్గర గుత్తి విప్పి అప్పగిస్తున్నాడు. నాకు కనపడుతూనే ఉంది. అయినా నవ్వుతూనే ఉన్నాను."

"అతన్ని తీసేయమని మేం అడగలేదు. ఆ మాట మాత్రం అనకు. మేం అన్నయ్య జోలికి రావద్దన్నాం, అంతే."

"ఆయన జోలికి రాకపోతే ఇంకెవరి జోలికి వెళ్తారు? గోడౌన్‌లో ఉన్నది ఇద్దరు. ఒకరి ముందు సంఘమంతా గోడ కట్టినట్టు నిలబడితే దెబ్బ ఎవరి మీద పడుతుంది? ఇంత లెక్క తెలియకుండానే సెక్రటరీవి అయ్యావా?"

"అతను మా సభ్యుడు కాదు."

"ఎందుకు కాదు?"

"ఎందుకేంటి? కాదంతే."

"చేరతానని నీ దగ్గరికి వచ్చాడా, లేదా?"

"వచ్చాడు. నిజమే. రోజుకూలీ వాళ్ళని చేర్చుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు. ఆ రూల్స్ నేను రాయలేదు, పాతవాళ్ళు రాశారు."

"కనీసం లోపలికి రమ్మన్నావా?"

"ఆ రోజు పనిలో ఉన్నాను."

"గుమ్మంలోంచే పంపించేశావు. నాకు చెప్పాడు ఆయన. కోపంగా కూడా చెప్పలేదు. సార్ బిజీగా ఉన్నారమ్మా, మళ్ళీ వెళ్తాను అన్నాడు. ఆ పిచ్చిమనిషికి మళ్ళీ వెళ్ళే పనే లేకుండా చేశావు."

"నన్నొక్కణ్ణే అంటావేం? ఇన్నాళ్ళూ నువ్వేం చేశావు? నీ నోరు ఎవరు కట్టేశారు? విచారణకి వచ్చినవాళ్ళు ఈ గదిలోకి కూడా వచ్చారు కదా."

"వచ్చారు. నా రిపోర్టు అడిగారు, ఇచ్చాను. అంతకుమించి ఏమైనా చెప్పాలా అన్నారు. ఏం లేదు అన్నాను."

"మరి?"

"మరేంటి, భయం. మీ అన్నయ్య ఉద్యోగం పోతుందని, అమ్మాయి చదువు ఆగుతుందని, నలుగురూ నవ్వుతారని. నువ్వు ఎందుకు చేశావో నేనూ అందుకే చేశాను. నిన్ను తిట్టడానికి నాకేం అర్హత ఉందని కాదు. అయినా తిడతాను."

"అయితే ఇప్పుడేమైంది ఉన్నట్టుండి?"

"ఆ కిటికీ ఉంది చూడు. మొన్న అక్కడికొచ్చి నిలబడ్డాడు."

"ఎవరు, అతనా? లోపలికి ఎలా రానిచ్చారు?"

"దొంగా, రానివ్వకపోవడానికి? చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది నాకు. నన్ను నిలదీయడానికే వచ్చాడనుకున్నాను. ఏం లేదు, గుడ్డలో కట్టుకొచ్చిన గింజలు కిటికీలోంచి ఇచ్చాడు. ఎవరిదో చిన్న పొలం చెక్క కౌలుకి తీసుకున్నాడట. విత్తేముందు ఒకసారి మీరు చూసి చెప్పండమ్మా, మీరు మొలుస్తాయంటే మొలుస్తాయి అన్నాడు."

"నిన్నే అడిగాడా?"

"నా మాట మీద అంత నమ్మకం ఆయనకి. విచారణలో నేను ఏం లేదు అన్నానని ఆయనకి తెలుసు. తెలిసే వచ్చాడు. తిట్టినా బావుండేది. ఆ రోజంతా నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. నీ మీద, మీ అన్నయ్య మీద, అన్నింటికంటే నా మీద."

"ఇప్పుడు నువ్వు ఏరుతున్నవి అవేనా?"

"అవే."

"మొలిచాయా?"

"మొలుస్తున్నాయి. నీకెందుకు? నువ్వు రేపటి సంగతి మాట్లాడు."

"రేపటి సంగతే చెప్తున్నాను. రేపు నువ్వు లేవవు. లేవనివ్వను. నీ సభ్యత్వం ఆపిస్తాను."

"ఎలా ఆపిస్తావు? పర్మినెంటు ఉద్యోగిని. చందా కట్టాను. ట్రెజరర్ నీతో చెయ్యి కూడా కలిపాడు."

"వదినా, అన్నయ్య ఉద్యోగం పోతుంది. అర్థమవుతోందా నీకు? సస్పెన్షనుతో ఆగదు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి."

"పోతే పోతుంది. నా జీతం ఉంది."

"జీతం సంగతి కాదు. పరువు? కట్టుకున్నదానివి, మొగుడి గురించి పదిమందిలో నిలబడి ఆ మాటలు ఎలా అంటావు?"

"కట్టుకున్నదాన్ని కాబట్టే ఇన్నాళ్ళు ఆగాను. పరాయిదాన్నైతే ఆ రోజే చెప్పేదాన్ని."

"నన్నూ ముంచుతావన్నమాట. అబద్ధం కోసం దీక్ష చేశాడని నా మొహాన ఉమ్మేస్తారు."

"అబద్ధం కోసం చేశావు మరి."

"అంటే నీకు చీమకుట్టినట్టైనా లేదు."

"ఉంది. లేకపోతే నీతో ఇంతసేపు మాట్లాడతానా? రేపు నేరుగా అక్కడే లేచి నిలబడేదాన్ని. తాళాలాయన్ని మళ్ళీ పనిలోకి తీసుకోవాలి, ఆ మాట అడగాల్సింది సంఘం. ఎందుకు అడగాలో చెప్పాలంటే తాళం ఎవరు తీయమన్నారో చెప్పాలి. ఇంకో దారి ఉంటే చెప్పు, అలాగే చేస్తాను."

"ఉంది. నోరు మూసుకుని ఊరుకో."

"అది దారి కాదు. అది చేసే ఇక్కడిదాకా వచ్చాం."

"అన్నయ్యకి తెలుసా?"

"ఏంటి?"

"నువ్వు చేరావని. రేపు మాట్లాడతావని. చెప్పావా?"

"మేం మాట్లాడుకుని చాలా రోజులైంది. కూరలో ఉప్పు తగ్గితే తగ్గిందన్న మాట కూడా లేదు. పళ్ళెం ముందుకి తోస్తాను, తింటాడు, లేస్తాడు. అమ్మాయి ఉన్నప్పుడు మాత్రం ఇద్దరం దాంతో మాట్లాడతాం."

"అంటే చెప్పలేదు."

"ధైర్యం చాల్లేదు."

"సంఘంలో చేరడానికి చాలింది, సభలో లేవడానికి చాలుతుంది, మొగుడికి చెప్పడానికి చాల్లేదా?"

"చాల్లేదు. ఆయన నా కళ్ళలోకి చూసి వద్దంటే ఆగిపోతానేమోనని భయం."

"అయితే నేను చెప్తాను. ఇప్పుడే, నీ ముందే. తనే వద్దంటాడు, అప్పుడు చూద్దాం."

"చెయ్యి ఫోను. ఆపింది ఎవరు?"

అతను ఫోన్ తీశాడు. ఆమె మొలకల మీద తడి కాగితం కప్పి, చేతులు తుడుచుకుంది.

"అన్నయ్యా, నేను. ఎక్కడున్నావు? ... సరిగ్గా వినపడట్లేదు. ... సంఘం ఆఫీసులోనా? అక్కడేం పని నీకు? ... లేదు, నేను వదిన దగ్గరున్నాను. అన్నయ్యా, వదిన ఏం చేసిందో తెలుసా నీకు? ... ఎప్పుడు తెలిసింది? ... తెలిసి కూడా ఊరుకున్నావా? ... రేపు ఏం మాట్లాడుతుందో కూడా తెలుసా? ... ఎలా తెలుసు, తను చెప్పలేదంటోంది. ... చేరిందనగానే దేనికో అర్థమైపోయిందా? ... ఆ. ... ఆ. ... అది కాదు, నా మాట కాస్త విను. ... ఎవరికిచ్చావు? ... వెనక్కి తీసుకో. ట్రెజరర్‌కి ఫోన్ ఇవ్వు. ... నాకు చెప్పకుండా ఎలా ఇస్తావు? ... అన్నయ్యా, నేను వస్తున్నాను, కదలకు అక్కణ్ణుంచి. ... అన్నయ్యా. ... అన్నయ్యా."

"ఏమన్నాడు?"

"పెట్టేశాడు."

"ఏమన్నాడని అడుగుతున్నాను. తిట్టాడా నన్ను?"

"తిట్టలేదు."

"వద్దన్నాడా?"

"ఒక్క నిమిషం కూర్చోనీ వదినా."

"ఆ స్టూలు తడిగా ఉంది. ఇటు కూర్చో. ఏమైంది? చెప్పు నాకు. రేపు నేను లేస్తే ఏం చేస్తానన్నాడు?"

"ఏం చెయ్యనన్నాడు. పొద్దున్నే సంఘానికి రాజీనామా ఇచ్చేశాడట. నువ్వు తన పేరు చెప్పాక సంఘంలో ఎవ్వరూ తనని కాపాడుతూ అడ్డంగా నిలబడటానికి వీల్లేదన్నాడు."