చెంచాడు నీళ్ళు

వీధిలో అందరి కడుపునొప్పికీ మాత్ర ఇచ్చే మందుల షాపాయన, తన కడుపునొప్పికి నాలుగు రోజులు తనే మాత్రలు మింగి, పన్నెండు రోజులుగా ఐసీయూలో పడి ఉన్నాడు. పక్కన స్టూలు మీద భార్య, చేతిలో గ్లాసూ చెంచా.

“తాగండి. చెంచాడే.”

“ఆగు. నీళ్ళా? ఎవరివ్వమన్నారు?”

“డాక్టరుగారే.”

“చిన్నాయనా, పెద్దాయనా?”

“పెద్దాయనే. గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి మరీ చెప్పారు.”

“కూర్చోబెట్టారా?”

“ఏం, నేను కూర్చోకూడదా? పన్నెండు రోజులుగా నిలబడే ఉన్నాను.”

“అది కాదే. మొన్న నా పెదాలు తడిపావని నర్సమ్మ నీమీద విరుచుకుపడింది. కడుపులో పాంక్రియాస్ వాచింది, చుక్క కూడా పోయొద్దంది.”

“అప్పుడు వేరు, ఇప్పుడు వేరు.”

“వాపు తగ్గిందన్నారా?”

“తగ్గుతుందిలెండి.”

“తగ్గిందా అని అడిగాను.”

“షాపులో కూర్చున్నట్టు ఆరాలు తియ్యకండి.”

“కిడ్నీలూ దెబ్బతిన్నాయిగా. అయినా ఇవాళ డయాలసిస్‌కి తీసుకెళ్ళలేదు.”

“ఊరికే ఒళ్ళు హూనం చెయ్యడం దేనికన్నారు.”

“యాంటీబయాటిక్ సీసా కూడా తీసేశారు.”

“మీ కళ్ళెప్పుడూ ఆ సీసాల మీదే!”

“ముప్పై ఏళ్ళు వాటి మధ్యే బతికాను మరి. నొప్పి ఇంజెక్షనో?”

“అదుంది. ఇక గంటలు లెక్కపెట్టక్కర్లేదట. ఎప్పుడడిగితే అప్పుడే.”

“ఎప్పుడడిగితే అప్పుడా…”

“మంచిదేగా?”

“మంచిదే. చాలా మంచిది.”

“ఎందుకా నవ్వు?”

“గ్యాస్ అనుకున్నానే! ఇంకెవడైనా వచ్చి, నొప్పి వీపులోకి పొడుస్తోందంటే, మాత్ర కూడా ఇవ్వకుండా ఆసుపత్రికి తరిమేవాణ్ణి. తనదాకా వస్తేగానీ తెలీదంటారు. నాకు నాదాకా వచ్చినా తెలీలేదు.”

“నేనన్నా తరమాల్సింది. మీకు తెలీనిదా అనుకున్నాను.”

“నీ తప్పేం లేదు. ఈ వాపు తెచ్చిన రాయి పిత్తాశయంలో ఉందని ముందే తెలిసీ, ఇవాళా రేపూ అంటూ ఆపరేషన్ తోసేసింది నేను.”

“ఇప్పుడవన్నీ ఎందుకు? పోనివ్వండి.”

“సరే, విను. నాకు నయమవుతోంది. నీళ్ళు పొయ్యమన్నారంటే అర్థం అదే. రేపు పాలు, ఎల్లుండి మెత్తగా ఏదో ఒకటి. నువ్వు ఇంటికెళ్ళి కంటినిండా నిద్రపో.”

“నిజంగానా?”

“ముప్పై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను. వెళ్ళేముందు మాత్రం అమ్మాయికి ఫోన్ చేసి రమ్మను.”

“ఎందుకూ?”

“చూసి చాలా రోజులైంది. అంతే. తమ్ముడు కూడా వస్తే మరీ మంచిది. కంగారు పెట్టకు వాళ్ళని.”

“బయటే ఉన్నారు.”

“ఎవరు?”

“అమ్మాయీ, మీ తమ్ముడూ. అందరూ. పొద్దుటే పిలిపించాను.”

“పొద్దుటేనా? నీకెవరు చెప్పారే?”

“ఒకరు చెప్పేదేముంది? ఇక వైద్యం ఆపెయ్యమని సంతకం పెట్టింది నేనేనండీ.”