పది గంటల నాలుగు నిమిషాల హాజరు

నా పేరు గడ్డం సుకన్య. నా భర్త పేరు కుమారస్వామి. నా వయసు ఇరవై రెండు సంవత్సరాలు. ఆరో తరగతి వరకు చదివాను. త్రికూట పాలిటెక్నిక్ కాలేజీ క్యాంటీన్‌లో వంటపని చేస్తాను. మా ఊరు పాలకుర్తి దగ్గర. ఇప్పుడు ఖిలా వరంగల్‌లో అద్దె గదిలో ఉంటున్నాం.

ఈ రోజు 2025 మార్చి 5, బుధవారం. ఉదయం పదకొండు గంటలకు మెజిస్ట్రేట్ మేడం గారు నన్ను గదిలోకి పిలిచి, నాతో వచ్చిన పోలీసులను బయటకు పంపారు. నేను చెప్పే దాంట్లో నా తప్పు ఉంటే అది నా మీదికే రావచ్చని, ఇష్టం లేకపోతే చెప్పకుండా వెళ్లిపోవచ్చని రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని నలభై నిమిషాలు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆలోచించుకున్నాను. చెబుతాను.

ఫిబ్రవరి 18న దవాఖానలో పోలీసులు నా దగ్గర ఒక వాంగ్మూలం తీసుకున్నారు. నా భర్త చెయ్యి బైక్ చైన్‌లో పడిందని అందులో ఉంది. అది అబద్ధం. మాకు బైక్ లేదు.

నా భర్త పదో తరగతి తరువాత నాలుగేళ్లు ఎనుమాముల మార్కెట్‌లో మిరప బస్తాలు మోశాడు. ఆ తరువాత పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో సీటు తెచ్చుకున్నాడు. ఇప్పుడు మెకానికల్ చివరి సంవత్సరం. పోయిన జూలైలో కాలేజీకి, నవతంతు స్పిన్నింగ్ మిల్లుకు ఒప్పందం జరిగింది. వారంలో మూడు రోజులు కాలేజీలో చదువు, మూడు రోజులు మిల్లులో పని నేర్చుకోవడం. డిప్లొమా రాగానే అదే మిల్లులో ఉద్యోగం. పదకొండు మందిని తీసుకున్నారు. కాలేజీ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ పెట్టారు. అందులో నా భర్త నీలం కోటు వేసుకొని నిలబడి ఉంటాడు. ఆ నెలలోనే నాకు క్యాంటీన్‌లో పని ఇప్పించారు. ఇప్పించింది రాంప్రసాద్ సార్. కాలేజీ తరఫున మిల్లు వ్యవహారం చూసేది ఆయనే.

నవంబర్ నుంచి మిల్లు వాళ్లు ఆరు రోజులూ రమ్మన్నారు. ఉదయం ఆరున్నరకు మిల్లు బస్సు కాలేజీ గేటు దగ్గరికి వస్తుంది. ఏడు గంటల నుంచి మధ్యాహ్నం మూడు వరకు పని. అయితే కాలేజీలో హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు, స్కాలర్‌షిప్ కూడా రాదు. ఆ హాజరు ఫోన్‌లో పడుతుంది. ఫోన్ కాలేజీ ప్రహరీ లోపల ఉండాలి. పది గంటల నుంచి పది నిమిషాలలోపు పచ్చ గుర్తు నొక్కాలి. బయట నుంచి నొక్కితే పడదు. మిల్లులోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు.

నవంబర్ మొదటి వారంలో రాంప్రసాద్ సార్ క్యాంటీన్‌కు వచ్చి టీ తాగుతూ నాతో అన్నాడు.

"సుకన్యా, నువ్వు రోజు పొద్దుగాల ఇక్కడికే వస్తవు గద. స్వామి ఫోన్ నీ దగ్గరుంచుకో. పది గొట్టంగనే పచ్చది ఒత్తు. గంతే పని."

నేను సార్‌ను ఏమీ అడగలేదు. నాకు సార్లతో మాట్లాడటం అలవాటు లేదు. సాయంత్రం నా భర్తను అడిగాను.

"అది తప్పు గాదా?"

"సారే చెప్పిండు. మిల్లుల నేర్చుకునుడు గూడ క్లాసు కిందికే వస్తదంటాండ్రు. నువ్వు పరేషాన్ గాకు."

మొదట ఒక్క ఫోనే. పది రోజుల్లో పదకొండు ఫోన్లు అయ్యాయి. రోజూ ఆరున్నరకు బస్సు ఎక్కుతూ పిల్లలు ఫోన్లు నా సంచిలో వేసేవాళ్లు. నన్ను వదినా అని పిలుస్తారు. "వదినే మా ప్రిన్సిపాల్, వదినకు కోపమొస్తే ఫెయిలే" అని నవ్వేవాళ్లు. ఏ ఫోన్ ఎవరిదో అట్టలను బట్టి గుర్తుపట్టేదాన్ని. తాళం తీయడానికి చుక్కలు కలపాలి. అది నాకు కష్టం కాలేదు, ముగ్గు లాంటిదే. క్యాంటీన్‌లో నాతో పనిచేసే యాకమ్మ ఒకసారి సంచి చూసి, "ఏందే పిల్లా, ఫోన్ల దుకాణం పెట్టినవా? నాకొకటి సస్తాల ఇయ్యి" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. పదకొండు ఫోన్లు నొక్కడానికి ఆరు నిమిషాలు పట్టేది. ఎప్పుడూ నా భర్త ఫోన్ చివర నొక్కేదాన్ని. ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం. ఆరున్నరకు నా భర్త బస్సు ఎక్కాడు. నేను చూశాను. రాత్రి సరిగా నిద్రపోలేదని కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ఆ రోజు ఉప్మా చేశాం. పది కాగానే చేతులు కడుక్కొని సంచి తీసుకొని వెనక మెట్ల మీద కూర్చున్నాను. సిగ్నల్ బాగుండి ఆ రోజు తొందరగా అయిపోయాయి. నా భర్త ఫోన్ నొక్కేసరికి పది గంటల నాలుగు నిమిషాలు. హాజరు పడిందని వచ్చింది.

పది గంటల పన్నెండు నిమిషాలకు అదే ఫోన్ మోగింది. తెలియని నంబర్. ఎత్తాను.

"వదినా, నేను శశాంక్‌ను. డ్రైవర్ ఫోన్ నుంచి చేస్తాన. అన్న చెయ్యి మిషన్ల పడ్డది. దవాఖానకు తీస్కపోతాండ్రు. నువ్వు జల్ది రా."

శశాంక్ నా భర్త తరగతివాడే, మిల్లులో పక్క మిషన్ మీద ఉండేవాడు. చెయ్యి పడింది తొమ్మిది నలభైకి అని తరువాత అతనే చెప్పాడు. అంటే నేను నొక్కినప్పటికి ఇరవై నాలుగు నిమిషాలు అయింది.

యాకమ్మను తీసుకొని ఆటోలో హన్మకొండలోని ప్రైవేటు దవాఖానకు వెళ్లాను. పదకొండు గంటలకు చేరాం. నా భర్తకు స్పృహ ఉంది. జుట్టు నిండా దూది ఉంది. కనుబొమ్మల్లో, చెవుల్లో దూది ఉంది. చేతికి చుట్టిన గుడ్డకు కూడా దూది అంటుకొని ఎర్రగా ఉంది. మిల్లులో దూదిని దువ్వే మిషన్ ఉంటుంది. దాని కింద చేరిన చెత్త దూదిని చేత్తో తీయడం ఆయన పని. నర్సు ఆయనను లోపలికి తీసుకుపోయేవరకు నేను కనుబొమ్మల్లో దూది ఏరుతూ కూర్చున్నాను. కుడి చెయ్యి మణికట్టు వరకు తీసేశారు.

పన్నెండున్నరకు మిల్లు మేనేజర్ రాజేశ్వర్ రావు గారు, రాంప్రసాద్ సార్ వచ్చారు. రాజేశ్వర్ రావు గారు నన్ను వరండాలోకి పిలిచారు.

"చూడమ్మా, కాలేజీ నుంచి బయటికి పోతుంటే బైక్ చైన్ ఊసిపోయింది, సరిచేస్తుంటే చెయ్యి పడ్డది అని చెప్పు. మిల్లు పేరెత్తితే కేసులైతయి, కేసులైతే పరీక్ష ఆగుతది. దవాఖాన ఖర్చంత మాదే. ఏం ఫికర్ చేయకు."

రాంప్రసాద్ సార్ కింద గచ్చు చూస్తూ నిలబడ్డాడు. ఒంటిగంటకు హెడ్ కానిస్టేబుల్ వచ్చి ఎట్లా జరిగిందని నన్ను అడిగాడు. రాజేశ్వర్ రావు గారు జవాబు చెప్పారు. అవునా అని కానిస్టేబుల్ అడిగితే నేను తల ఊపాను. రాసింది చదవలేదు. సంతకం చేశాను. మరునాడు నా భర్త కూడా అదే చెప్పి ఎడమచేతి వేలిముద్ర వేశాడు.

ఫిబ్రవరి 24, సోమవారం దవాఖాన వాళ్లు మిల్లు నుంచి డబ్బు రావడం ఆగిపోయిందని చెప్పి నా భర్తను ఇంటికి పంపించారు. నేను మిల్లు గేటుకు వెళ్లాను. గంటన్నర నిలబెట్టి లోపలికి పిలిచారు. రాజేశ్వర్ రావు గారు కుర్చీలోంచి లేవకుండానే ఒక కాగితం నా ముందుకు జరిపారు.

"ఆ రోజు మీ ఆయన మిల్లుకే రాలేదమ్మా. మా గేటు రిజిస్టర్‌ల పేరు లేదు. కాలేజీల మాత్రం పది గంటల నాలుగు నిమిషాలకు హాజరున్నది. నువ్వే చూడు."

బస్సులో వచ్చే పిల్లల పేర్లు గేటు రిజిస్టర్‌లో ఎప్పుడూ రాయరని నాకు శశాంక్ చెప్పాడు. ఆ కాగితం మీద నా భర్త పేరు, తేదీ, 10:04 అని ఉంది. అది నేను నొక్కింది. నా భర్త మిల్లులో లేడని చెప్పడానికి వాళ్ల దగ్గర ఉన్న సాక్ష్యం నేను చేసిందే. నేను లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి నా భర్తతో చెప్పాను. ఫోన్ సంగతి పోలీసులకు చెబుతానన్నాను. ఆయన వద్దన్నాడు.

"నా చెయ్యి ఎట్లాగు రాదు. నువ్వు చెప్తే పోరగాండ్లందరి హాజరు పోతది. వాళ్ల డిప్లొమాలు గూడ పోగొడ్తవా?"

నేను మళ్లీ ఊరుకున్నాను. ఫిబ్రవరి 18 తరువాత నేను క్యాంటీన్‌కు పోలేదు. ఫోన్లు ఎవరు నొక్కారో నాకు తెలియదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు శశాంక్ సంత్ర పండ్లు పట్టుకొని మా గదికి వచ్చాడు. మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. నా భర్త ఎదుటే నాతో అన్నాడు.

"వదినా, నీ కాళ్లు మొక్కుత. నువ్వు ఠాణాకు పోతవని కాలేజీల అనుకుంటాండ్రు. ఏప్రిల్ల పరీక్షలు. హాజరు దొంగదని తేలితే పది మందిమి పోతం. మా నాయిన ఉన్న ఒక్క ఎడ్ల జత అమ్మి చదివిస్తాండు."

పోనని చెప్పాను. టీ పెట్టి ఇచ్చాను. అతను గ్లాసు పట్టుకున్నాడు. చేతి వెంట్రుకల మీద దూది ఉంది. కనుబొమ్మల్లో కూడా ఉంది. పక్క మిషన్ దగ్గర అంత దూది పడదని నా భర్త చెప్పేవాడు.

"ఏ మిషన్ మీదున్నవు?" అని అడిగాను.

"అన్న మిషన్ మీదనే వేసిండ్రు. తెల్లారే వేసిండ్రు."

"మూత పెట్టిండ్రా?" అని నా భర్త అడిగాడు. ఆ మిషన్ కింద ఇనుప మూత ఉండేది. అది ఉంటే దూది తీయడం ఆలస్యమవుతుందని డిసెంబర్‌లోనే విప్పేశారని నా భర్త నాకు అప్పుడే చెప్పాడు.

"పెట్టలే అన్నా."

"రేపటి సంది పోకుర."

"పోకపోతే మిల్లు మార్కులు వెయ్యరట. నేను పైలంగనే ఉంట తియ్."

"నేను గూడ పైలంగనే ఉన్న" అన్నాడు నా భర్త.

శశాంక్ టీ తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. నా భర్త గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు నుంచే, "పోరనికి ఇంత అన్నం పెట్టకపోతివి" అన్నాడు.

"నేను రేపు ఠాణాకు పోతాన" అన్నాను.

ఆయన వద్దనలేదు. "నా ఆధార్ కార్డు గూడ తీస్కపో" అన్నాడు.

మార్చి 1, శనివారం ఉదయం స్టేషన్‌కు వెళ్లి ఎస్‌ఐ గారికి ఇదంతా చెప్పాను. ఆయన నన్ను ఇక్కడికి పంపారు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి 18 వరకు ఆ పదకొండు ఫోన్లలో పడిన హాజరు నేను వేసింది. పిల్లలు క్లాసులో లేరు, మిల్లులో ఉన్నారు. నన్ను ఇట్లా చేయమని చెప్పింది రాంప్రసాద్ సార్. చేసింది నేను. నాకు తెలియదని తప్పించుకోను. తప్పు కాదా అని నా భర్తను అడిగానంటే నాకు అనుమానం ఉన్నట్టే. దీనికి నాకు ఏ శిక్ష వేసినా కాదనను. పిల్లలు సార్ చెప్పినట్టు చేశారు. వాళ్ల పరీక్షలు ఆపవద్దని అడుగుతున్నాను. అది మేడం గారి చేతిలో లేదని చెప్పారు. అయినా రాయమని అడిగితే రాశారు.

దవాఖానలో తల ఊపినందుకు సిగ్గుపడుతున్నాను. అప్పుడే నిజం చెప్పి ఉంటే మరునాడు శశాంక్‌ను ఆ మిషన్ దగ్గర నిలబెట్టేవాళ్లు కాదేమో.

ఇంకేమైనా చెప్పాలా అని మేడం గారు అడిగారు. ఒకటి ఉంది. ఇప్పుడు పన్నెండుంపావు. మిల్లు పని మూడు గంటల వరకు ఉంటుంది. ఈ పొద్దున ఆరున్నరకు శశాంక్ బస్సు ఎక్కడం నేను ఇక్కడికి వస్తూ చూశాను. ఇదంతా నాకు చదివి వినిపించాలని, అప్పుడే సంతకం అని చెబుతున్నారు. చదవడం కొంచెం ఆగి చేయండి. ముందు మిల్లుకు ఎవరితోనైనా ఫోన్ చేయించి ఆ మిషన్ ఆపించండి. నేను ఎక్కడికీ పోను, ఇక్కడే కూర్చుంటాను.

మేడం గారు ఫోన్ చేయించి వచ్చిన తరువాత, పన్నెండు గంటల నలభై నిమిషాలకు, పైన రాసినదంతా నాకు మెల్లగా చదివి వినిపించారు. నేను చూసింది చూసినట్టు, చేసింది చేసినట్టు, విన్నది ఎవరి నోట విన్నానో ఆ పేరుతో ఉంది. ఎవరూ భయపెట్టలేదు, ఆశ పెట్టలేదు. ఇది నిజమని ఒప్పుకొని సంతకం చేస్తున్నాను.

(సం.) గడ్డం సుకన్య